ఐరన్ షాట్ కిందుగా వెళ్లాలంటే: గాలికి లేవని బంతిని కొట్టడం నేర్చుకునే పద్ధతి

ఎదురుగాలి బాగా ఉన్న రోజు మీరు గోల్ఫ్‌లో 7 ఐరన్‌తో (లోహపు తల ఉన్న క్లబ్బుల్లో ఒకటి, అంకె తగ్గేకొద్దీ బంతి దూరం పోతుంది) కొట్టిన బంతిని చివరిదాకా చూడండి. మొదట్లో బాగానే వెళ్తుంది. సగం దూరం పోయాక కింద నుంచి ఎవరో ఎత్తుతున్నట్టు పైకి లేస్తుంది, ఒక్క క్షణం అక్కడే ఆగినట్టు అనిపిస్తుంది, తర్వాత నిలువునా కింద పడుతుంది. గ్రీన్‌కి, అంటే జెండా, రంధ్రం ఉండే పొట్టి గడ్డి భాగానికి, ఇరవై ముప్పై గజాల ముందే పడిపోయిన బంతిని చూసి మనం చేసే మొదటి పని ఏంటంటే, తర్వాతి షాట్ ఇంకా గట్టిగా కొట్టడం. అది ఇంకా పైకి లేస్తుంది.

నేను రెండేళ్లు ఇదే చేశాను. బంతిని వెనక కాలి దగ్గర పెట్టి బలంగా కిందికి కొడితే షాట్ కిందుగా వెళ్తుందని నాకు మొదట్లో చెప్పారు, నేనూ నమ్మాను. నిజానికి అలా కొడితే బంతి కిందుగానే బయల్దేరుతుంది. కానీ కిందుగా ఉండిపోదు. ఈ తేడా అర్థం కాకపోవడం వల్లే నాకు అంత కాలం పట్టింది, అందుకే ఇక్కడ అన్నిటికంటే ముందు దాని గురించే చెప్తాను. కిందుగా వెళ్లే షాట్‌కి బలం అక్కర్లేదు, క్లబ్ ఫేస్‌కి (బంతిని తాకే ముఖానికి) లాఫ్ట్ (అది పైకి వాలి ఉండే కోణం) తగ్గాలి, స్వింగ్‌కి వేగం తగ్గాలి. మిగతాదంతా ఈ రెండిటినీ ఎలా తెచ్చుకోవాలన్నదే.

ఇక్కడ ఎడమ, కుడి అని రాసిందంతా కుడిచేతి వాటం వాళ్లకి. ఎడమచేతి వాటం వాళ్లు తిరగేసి చదువుకోండి.

బంతి ఎందుకు పైకి లేస్తుంది

పురుషుల ప్రొఫెషనల్ టూర్‌లో 7 ఐరన్ షాట్ సగటున 16 డిగ్రీల కోణంలో బయల్దేరుతుంది, నిమిషానికి సుమారు 7,000 చుట్లు వెనక్కి తిరుగుతూ దాదాపు 30 గజాల ఎత్తుకు వెళ్తుంది. అంటే ఎత్తు మొదటి కోణం వల్ల మాత్రమే రావట్లేదు, ఆ బ్యాక్‌స్పిన్ బంతిని గాల్లో మోస్తోంది. బంతికి తగిలే గాలి వేగం ఎంత ఎక్కువైతే ఆ మోత అంత పెరుగుతుంది. ఎదురుగాలిలో బంతికి తగిలే గాలి వేగం ఎక్కువ కాబట్టి అదే స్పిన్ ఉన్న బంతి ఇంకా పైకి లేస్తుంది. పైగా నేలకి దగ్గర్లో గాలి నెమ్మదిగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ జోరు పెరుగుతుంది, కాబట్టి లేచిన బంతి ఇంకా పెద్ద గాలిలో చిక్కుకుంటుంది.

మరి స్పిన్ ఎక్కడి నుంచి వస్తుంది? బంతిని తాకే క్షణంలో క్లబ్ ఫేస్ ఎంత పైకి చూస్తోంది, క్లబ్ తల ఎంత కిందికి దిగుతోంది, ఈ రెండిటి మధ్య ఉన్న కోణాన్ని స్పిన్ లాఫ్ట్ అంటారు. ఫేస్ 24 డిగ్రీలు పైకి చూస్తూ, క్లబ్ 4 డిగ్రీలు కిందికి దిగుతుంటే స్పిన్ లాఫ్ట్ 28. ఇప్పుడు బంతిని బాగా వెనక్కి పెట్టి గుచ్చినట్టు కొట్టారనుకోండి. ఫేస్ 20కి తగ్గింది, క్లబ్ మాత్రం 8 డిగ్రీలు కిందికి దిగుతోంది. మళ్లీ 28. బంతి కాస్త కింద నుంచి బయల్దేరింది గానీ స్పిన్ ఏమీ తగ్గలేదు, దానికి తోడు మీరు గట్టిగా కూడా కొట్టారు, కాబట్టి అది మొదట నేలబారుగా వెళ్లి తర్వాత లేస్తుంది. మనకు కావాల్సింది ఫేస్ 20కి తగ్గాలి, క్లబ్ దిగే కోణం 4 దగ్గరే ఉండాలి. అప్పుడు స్పిన్ లాఫ్ట్ 24. కిందుగా బయల్దేరి కిందుగానే ఉండే షాట్ అది.

ఈ లెక్క గుర్తుంటే కింద చెప్పే ప్రతి అడుగూ ఎందుకో మీకే తెలుస్తుంది.

మొదట మీ మామూలు షాట్ చూసుకోండి

ఈ అడుగు చాలామంది వదిలేస్తారు. ఫోన్‌ని మీ ఛాతీకి ఎదురుగా, నడుము ఎత్తులో పెట్టి స్లో మోషన్‌లో మామూలు 7 ఐరన్ షాట్లు ఐదారు తీయండి. తర్వాత బంతి తగిలే ఫ్రేమ్ దగ్గర ఆపి చూడండి. చేతులు బంతి కంటే ముందు ఉన్నాయా, వెనక ఉన్నాయా? షాఫ్ట్ (క్లబ్ కర్ర) లక్ష్యం వైపు కొద్దిగా వాలి ఉందా, లేక వెనక్కి వాలిందా?

వెనక్కి వాలి ఉంటే, అంటే బంతిని పైకి ఎత్తడానికి మణికట్లు ముందే విడిచేస్తుంటే, మీ సమస్య కిందుగా కొట్టే షాట్ కాదు. ముందు మామూలు ఐరన్ షాట్‌లో చేతులు ముందుండేలా చేసుకోవాలి. సంతోషించాల్సిన సంగతి ఏంటంటే, ఈ మార్గంలో ఉన్న హాఫ్ స్వింగ్ సాధన దానికీ అదే మందు. నాకు తెలిసిన చాలామందికి ఈ షాట్ నేర్చుకుంటూ ఉండగానే మామూలు ఐరన్లు కూడా బాగుపడ్డాయి.

క్లబ్ తీసుకునేటప్పుడు

మామూలుగా ఆ దూరానికి ఏ క్లబ్ కొడతారో దాని కంటే ఒక క్లబ్ పెద్దది, గాలి ఎక్కువుంటే రెండు క్లబ్బులు పెద్దది తీసుకోండి. 8 ఐరన్ దూరం ఉంటే 7 లేదా 6. పెద్ద క్లబ్‌కి లాఫ్ట్ తక్కువ కాబట్టి సగం పని మీరు ఏమీ చేయకుండానే అయిపోతుంది. మిగతా సగం, పెద్ద క్లబ్ చేతిలో ఉంది కదా అని మీరు తొందరపడకుండా ఊపడం వల్ల అవుతుంది. నెమ్మదిగా ఊపితే స్పిన్ తగ్గుతుంది.

దీనికి మనసు ఒప్పుకోవడమే కష్టం. 140 గజాలకు 6 ఐరన్ తీయాలంటే మొదట్లో అందరికీ సందేహమే, బంతి గ్రీన్ దాటి పోతుందేమో అని. ఆ భయంతో స్వింగ్ మధ్యలో వేగం తగ్గించేస్తే మొత్తం పాడవుతుంది. కాబట్టి ఆ క్లబ్‌తో ఆ చిన్న స్వింగ్ ఎంత దూరం పోతుందో రేంజ్‌లోనే (సాధన చేసే మైదానంలోనే) చూసుకుని, నమ్మకం కుదిరాకే కోర్స్ మీద వాడండి.

నిలబడే తీరు: ఇక్కడ తొందరపడకండి

ఈ షాట్‌లో నూటికి డెబ్బై పాళ్లు నిలబడటంలోనే అయిపోతుందని నా అభిప్రాయం. వరసగా ఇలా చేయండి.

గ్రిప్‌ని చివర నుంచి ఒక అంగుళం కిందికి పట్టుకోండి. క్లబ్ పొట్టిదవుతుంది, వేగం కాస్త తగ్గుతుంది, బంతిని ఫేస్ మధ్యలో తాకించడం తేలికవుతుంది.

బంతిని మీ మామూలు చోటు కంటే ఒక బంతి వెడల్పు వెనక్కి జరపండి. ఒక్క బంతి, మహా అయితే ఒకటిన్నర. 7 ఐరన్‌కి మామూలుగా మధ్య కంటే కొద్దిగా ముందు పెట్టే వాళ్లయితే ఇప్పుడది మధ్యలోకి, లేదా మధ్యకి పిసరంత వెనక్కి వస్తుంది. దీన్ని పాదాల ముందు భాగంతో కొలవొద్దు, మడమలతో కొలవండి. ఎడమ పాదం బయటికి తిప్పి నిలబడితే వేళ్ల వైపు నుంచి చూసినప్పుడు బంతి నిజంగా ఉన్నదాని కంటే వెనక ఉన్నట్టు కనిపిస్తుంది. సందేహం ఉంటే రెండు పాదాల మధ్య నేల మీద ఒక క్లబ్ పడుకోబెట్టి, దాని పక్కన బంతి పెట్టి, పై నుంచి ఫోటో తీసుకోండి. మనం అనుకున్న చోటుకీ బంతి ఉన్న చోటుకీ ఉండే తేడా చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

బంతిని కుడి పాదం బొటనవేలి దగ్గరకి మాత్రం తీసుకెళ్లొద్దు. అక్కడ క్లబ్ ఇంకా నిటారుగా దిగుతూ ఉంటుంది, పైన లెక్కలో చూసిన 8 డిగ్రీల గుచ్చుడు అక్కడి నుంచే వస్తుంది.

బరువు ఎడమ కాలి మీద 55 నుంచి 60 శాతం ఉంచండి. ఒళ్లు మొత్తం లక్ష్యం వైపు వాలిపోకూడదు, చొక్కా మధ్య గుండీ బంతికి సూటిగా పైన ఉంటే సరిపోతుంది. పాదాల మధ్య దూరం మామూలు కంటే కాస్త తక్కువ. ఎడమ పాదాన్ని ఒకటి రెండు అంగుళాలు పాదాలు నిలిచిన గీత నుంచి వెనక్కి లాగండి. దీనికి కారణం ఉంది. బంతి వెనక్కి జరిగినప్పుడు క్లబ్ దాన్ని ఇంకా లోపలి నుంచి బయటికి వెళ్తుండగానే తాకుతుంది, అందుకే షాట్ కుడివైపు బయల్దేరడమో, ఫేస్ మూసుకుంటే హుక్ అవ్వడమో (ఎడమకి బాగా వంకర తిరగడమో) జరుగుతుంది. పాదం వెనక్కి లాగితే ఆ దారి కొంత సరి అవుతుంది, బంతి కొట్టాక ఛాతీ తిరగడానికి చోటూ దొరుకుతుంది.

ఇక చేతులు. ఎడమ తొడ లోపలి వైపుకి ఎదురుగా ఉండాలి, షాఫ్ట్ కొద్దిగా లక్ష్యం వైపు వాలాలి. ఇక్కడ ఒక చిన్న విషయం ఉంది, నాకు దీన్ని పట్టుకోవడానికి నెలలు పట్టింది. ముందు గ్రిప్ పట్టుకుని తర్వాత చేతుల్ని ముందుకి నెడితే ఏమవుతుందో ఒకసారి కిందికి చూడండి. ఫేస్ కుడివైపు తెరుచుకుంటుంది. అది తెలియకుండా కొడితే బంతి కుడికి పోతుంది, పైగా తెరుచుకున్న ఫేస్‌కి లాఫ్ట్ కూడా పెరుగుతుంది, మనం తగ్గించుకున్నది తిరిగి వచ్చేస్తుంది. సరైన వరస ఇది: కుడిచేత్తో క్లబ్‌ని పట్టుకుని, షాఫ్ట్ ముందుకి వాల్చి, ఫేస్ కింది అంచు లక్ష్యానికి సూటిగా ఉండేలా నేల మీద పెట్టండి. అది సరిగ్గా ఉందని చూసుకున్నాకే రెండు చేతులతో గ్రిప్ పట్టుకోండి. రెండు సెకన్ల పని.

వాలు మరీ ఎక్కువైనా ప్రమాదమే. క్లబ్ అడుగున ఉండే గుండ్రటి భాగాన్ని బౌన్స్ అంటారు, క్లబ్ నేలలో దిగబడకుండా జారేలా చేసేది అదే. చేతులు మరీ ముందుకి పోతే ఆ భాగం పని చేయదు, పదునైన అంచు నేలని తవ్వుతుంది.

స్వింగ్

క్లబ్‌ని వెనక్కి తీసేటప్పుడు ఎడమ చెయ్యి నేలకి సమాంతరంగా వచ్చే దగ్గర ఆగండి, చేతులు కుడి భుజం ఎత్తు దాటక్కర్లేదు. మణికట్లు మామూలు కంటే తక్కువ వంగితే చాలు. కానీ భుజాలు మాత్రం పూర్తిగా తిరగాలి. చిన్న స్వింగ్ అనగానే చేతులతో మాత్రమే ఊపేసే అలవాటు చాలామందికి వస్తుంది, అప్పుడు కిందికి వచ్చేటప్పుడు కూడా చేతులే పని చేయాల్సి వస్తుంది, షాట్ ఒక్కోసారి ఒక్కోలా పోతుంది. వీపు లక్ష్యం వైపు తిరిగిందా లేదా అన్నది చూసుకోండి.

కిందికి వచ్చేటప్పుడు ఆలోచన ఒక్కటే ఉంచుకోండి: ఛాతీ ఆగకూడదు. ఎడమ కాలి మీదకి బరువు చేరుతుంది, ఛాతీ లక్ష్యం వైపు తిరుగుతుంది, చేతులు దాని వెంట వస్తాయి. బంతి తగిలే క్షణంలో ఎడమ మణికట్టు వెనక భాగం చదునుగా, కుడి మణికట్టు ఇంకా వెనక్కి వంగి ఉండాలి. ఇది చేతులతో బలవంతంగా చేసే పని కాదు, ఛాతీ తిరుగుతూ ఉంటే దానంతట అదే ఉంటుంది. ఛాతీ ఆగిందా, క్లబ్ తల చేతుల్ని దాటేస్తుంది, లాఫ్ట్ పెరుగుతుంది, బంతి లేస్తుంది.

వేగం సంగతి. వెనక్కి వెళ్లినంత నిదానంగా ముందుకి రండి అని చెప్తే కొందరు బంతి దగ్గర బ్రేక్ వేస్తారు. అలా కాదు. నడుస్తూ నడుస్తూ కాస్త అడుగు పెంచినట్టు ఉండాలి. నా వరకు, పూర్తి బలంలో ముప్పావు వంతు అనుకుంటే సరిగ్గా కుదురుతుంది.

ఆఖరున ఫినిష్. దీన్ని అలంకారం అనుకోకండి. చేతులు ఛాతీ ఎత్తులో ఆగాలి, రెండు చేతులూ చాచి ఉండాలి, షాఫ్ట్ లక్ష్యం వైపు చూపించాలి, ఛాతీ కూడా అటే చూడాలి. అలా మూడు సెకన్లు కదలకుండా నిలబడండి. ఫినిష్ అక్కడ ఆపాలని ముందే అనుకుంటే మెదడు స్వింగ్ వేగాన్ని దానికి తగ్గట్టు తనే సర్దుకుంటుంది. గట్టిగా కొట్టి అక్కడ ఆపడం సాధ్యం కాదు, ప్రయత్నించి చూడండి, మోచేతులు ఒప్పుకోవు. కాబట్టి ఫినిష్ దగ్గర ఆగగలిగారంటే వేగం సరిగ్గా ఉన్నట్టే.

సాధన చేసే తీరు

మొదటి రోజు 7 ఐరన్ తప్ప వేరే క్లబ్ తీయొద్దు. నడుము నుంచి నడుము వరకు, అంటే చేతులు నడుము ఎత్తు దాటకుండా ఒక ఇరవై బంతులు. దూరం పట్టించుకోకండి, చప్పుడు వినండి. సరిగ్గా తగిలితే చప్పుడు పొట్టిగా, గట్టిగా ఉంటుంది, చేతికి దెబ్బ తగిలినట్టు ఉండదు. ఆ చప్పుడు పదిలో ఏడు సార్లు వచ్చాక స్వింగ్‌ని భుజం ఎత్తుకి పెంచండి.

పచ్చిక మీద కొట్టే వీలుంటే టీ (బంతిని నిలబెట్టే చిన్న పుల్ల) సాధన చేయండి. బంతికి సరిగ్గా పది సెంటీమీటర్ల ముందు, లక్ష్యం వైపు, ఒక టీని తల మాత్రం కనిపించేలా నేలలోకి పూర్తిగా దించండి. బంతి కొట్టాక క్లబ్ ఆ టీ మీదుగా రాసుకుంటూ పోవాలి. బంతి వెనక నేల తగిలితే టీ కదలదు. గుచ్చినట్టు కొట్టినా, క్లబ్ బంతి దగ్గరే లోతుగా దిగి ఆగిపోతుంది, లేదా టీని మట్టితో సహా పెకిలిస్తుంది. సరైన షాట్‌లో టీ కొద్దిగా ముందుకి వంగుతుంది, లేదా పైకి ఎగురుతుంది, దాని చుట్టూ పచ్చిక పైపొర మాత్రమే లేస్తుంది. వంగి ఆ మచ్చని వేలితో తడిమి చూడండి. వేలి గోరంత లోతు కూడా ఉండకూడదు. గుంటలా చేతికి తగులుతోందంటే ఇంకా గుచ్చుతున్నారు. నేను రెండేళ్లు తీసిన డివోట్లు (క్లబ్ తవ్విన పచ్చిక మచ్చలు) అన్నీ అలాంటి గుంటలే, సాయంత్రానికి ఎడమ మణికట్టు నొప్పి పుట్టేది. షాట్ సరైన రోజు నుంచి ఆ నొప్పి పోయింది.

మ్యాట్ మీద కొట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. బంతి వెనక తగిలినా క్లబ్ మ్యాట్ మీద జారిపోయి షాట్ బాగానే వచ్చినట్టు కనిపిస్తుంది. అందుకని బంతి వెనక ఒక అరచేయంత దూరంలో చిన్న తువ్వాలు మడిచి పెట్టుకోండి. దాన్ని తాకకుండా బంతిని తాకాలి.

రెండోది తాడు సాధన. దీనికి సొంతంగా కాస్త ఖాళీ స్థలం కావాలి, రేంజ్‌లో మనుషుల ముందు చేసేది కాదు. బంతికి ఐదు మీటర్ల ముందు, బంతి దారికి బాగా ఎడంగా రెండు కర్రలు పాతి, మధ్యలో మీటరు ఎత్తున సన్నటి దారం కట్టండి. కర్రని అడ్డంగా పెట్టొద్దు, బంతి తగిలి మీ మీదకి తిరిగి రావచ్చు. దారమే కట్టండి. ఐదు మీటర్ల దగ్గర మీటరు ఎత్తు అంటే దాదాపు 11 డిగ్రీలు. 16 డిగ్రీల్లో బయల్దేరే మామూలు 7 ఐరన్ షాట్ అక్కడ 1.4 మీటర్ల ఎత్తులో పోతుంది, అంటే దారం పై నుంచి. మీరు దాన్ని దారం కింద నుంచి పంపాలి. 6 ఐరన్‌తో మొదలుపెడితే తేలిక. కానీ దారం కింద నుంచి పోయినంత మాత్రాన అయిపోలేదు, ఆ తర్వాత బంతి ఏం చేసిందో చూడాలి. దారం కింద నుంచి వెళ్లి యాభై గజాల దగ్గర లేచి నిలబడిందంటే గుచ్చి కొట్టారు. అదే ఎత్తులో సాగిపోయిందంటే కుదిరింది.

మూడోవారం నుంచి ఒకటి మామూలుగా, ఒకటి కిందుగా, మార్చి మార్చి కొట్టండి. వరసగా ముప్పై కిందుగా కొట్టడం కంటే ఇలా కొట్టడం కష్టం, కోర్స్ మీద పనికొచ్చేది మాత్రం ఇదే, అక్కడ ఎవరూ ఒకే షాట్ రెండుసార్లు కొట్టనివ్వరు.

ఎక్కడ తప్పుతోందో పట్టుకోవడం

బంతి ఎడమవైపు కిందికి వంకర తిరిగి పోతుంటే, ఛాతీ ఆగిపోయి చేతులు తిరిగేస్తున్నాయి, లేదా బంతి మరీ వెనక ఉంది. ముందు బంతిని అర అంగుళం ముందుకి జరిపి చూడండి, చాలాసార్లు దాంతోనే పోతుంది. కుడివైపు సూటిగా పోతుంటే గ్రిప్ పట్టుకున్నాక చేతులు నెడుతున్నారు, పైన చెప్పిన వరసకి తిరిగి వెళ్లండి.

బంతి వెనక నేల తగులుతుంటే బరువు కుడి కాలి మీద ఉండిపోతోంది. చాలామందికి చిన్న స్వింగ్‌లో ఇది ఎక్కువ, ఎందుకంటే కాళ్లు పని చేయక్కర్లేదనుకుంటారు. బంతి పైభాగం తగిలి నేలబారుగా పోతే దాన్ని కిందుగా వెళ్లే షాట్ అనుకుని సరిపెట్టుకోకండి. అందులో దూరం మీ అదుపులో ఉండదు, చేతికి చురుక్కుమంటుంది, బంకర్ (ఇసుక గుంట) ఉంటే దాటదు.

దూరం లెక్క

గోల్ఫ్ ఆడేవాళ్లు వాడే పాత లెక్క ఒకటి ఉంది. ఎదురుగాలి గంటకి ఎన్ని మైళ్లుంటే దూరానికి అంత శాతం కలుపు, వెనక గాలి అయితే అందులో సగం తీసేయి. 150 గజాల దూరానికి 15 మైళ్ల ఎదురుగాలి ఉంటే దాదాపు 172 గజాల షాట్ అనుకోవాలి. ఇది మామూలు ఎత్తులో వెళ్లే షాట్‌కి. కిందుగా వెళ్లే షాట్ మీద గాలి ప్రభావం ఇంతకంటే తక్కువ, అది మీ షాట్‌తో మీరే కొలుచుకోవాలి.

రేంజ్‌లో గాలి లేని రోజు 5 నుంచి 9 ఐరన్ వరకు ఈ చిన్న స్వింగ్‌తో ఒక్కోటి పది బంతులు కొట్టి, బంతి ఎక్కడ పడింది, ఎక్కడ ఆగింది అని రెండు అంకెలు రాసుకోండి. రెండో అంకె చాలా ముఖ్యం. కిందుగా వచ్చిన బంతి తక్కువ కోణంలో దిగుతుంది, స్పిన్ తక్కువ, కాబట్టి పడ్డాక పరిగెడుతుంది. జెండా దగ్గర పడేలా కొడితే గ్రీన్ వెనక్కి పోతుంది. గ్రీన్ ముందు భాగంలోనో, ఇంకా ముందు ఫెయిర్‌వే (గ్రీన్‌కి దారితీసే కత్తిరించిన గడ్డి) మీదో పడేలా కొట్టి, అక్కడి నుంచి దొర్లనివ్వాలి. అందుకే గ్రీన్ ముందు బంకరో నీళ్లో అడ్డంగా ఉంటే నేను ఈ షాట్ కొట్టను. గాలి ఉన్నా సరే, పెద్ద క్లబ్‌తో ముప్పావు స్వింగే తీసుకుని మామూలు చోట బంతి పెట్టి కొడతాను.

వెనక గాలిలో ఈ షాట్ అవసరం చాలా తక్కువ. పక్క గాలిలో మాత్రం బాగా పనికొస్తుంది, గాల్లో తక్కువ సేపు ఉంటుంది కాబట్టి పక్కకి తక్కువ కొట్టుకుపోతుంది.

చెట్ల కింద నుంచి

ఇది దగ్గరి చుట్టం లాంటి షాట్, పంచ్ అంటారు. కొమ్మ కింద నుంచి పోవాలి, గ్రీన్ అందాలన్న ఆశ పెట్టుకోకూడదు. బంతిని ఇంకాస్త వెనక్కి పెట్టొచ్చు, స్వింగ్ నడుము నుంచి నడుము వరకే.

ఏ క్లబ్ తీయాలో తెలియకపోతే ఇలా చూడండి. బంతికి కొంచెం దూరంగా, దాని పక్కన నిలబడి, క్లబ్‌ని గ్రిప్ లక్ష్యం వైపు ఉండేలా, ఫేస్ పైకి చూసేలా నేల మీద పెట్టి, ఫేస్‌ని పాదంతో తొక్కండి. షాఫ్ట్ పైకి లేస్తుంది. అది లేచే కోణం దాదాపు ఆ క్లబ్ లాఫ్ట్ అంత ఉంటుంది, బంతి బయల్దేరేది ఎప్పుడూ లాఫ్ట్ కంటే తక్కువ కోణంలోనే. కాబట్టి షాఫ్ట్ చూపించే గీత కొమ్మ కింద నుంచి పోతే బంతి తప్పకుండా పోతుంది. చెట్టు పై నుంచి కొట్టాలనుకున్నప్పుడు మాత్రం దీన్ని నమ్మొద్దు, అక్కడ ఇది ఉన్నదాని కంటే ఎక్కువ చూపిస్తుంది.

ఎనిమిది మీటర్ల దూరంలో, మీటరున్నర ఎత్తులో కొమ్మ ఉంటే మీకున్నది పదిన్నర డిగ్రీలే. అక్కడ 4 లేదా 5 ఐరన్‌తో చిన్న స్వింగ్. గట్టిగా కొడితే ఎదుటి వైపు గడ్డిలోకి పోతుంది, ఆ తప్పు నేను చాలాసార్లు చూశాను.

నిబంధన ఒకటి తెలిసి ఉండాలి. స్వింగ్‌కి అడ్డొస్తోందని కొమ్మ విరవకూడదు, వంచి పట్టుకోకూడదు, ప్రాక్టీస్ స్వింగ్‌లో ఆకులు రాల్చి దారి చేసుకున్నా స్ట్రోక్ ప్లేలో (మొత్తం స్ట్రోకులు లెక్కించే ఆటలో) రెండు స్ట్రోకుల పెనాల్టీ పడొచ్చు. బంతిని కొట్టే స్వింగ్‌లోనే, పూర్తి చేస్తుండగా విరిగితే పర్వాలేదు. ప్రాక్టీస్ స్వింగ్ చేయాలంటే చెట్టుకి దూరంగా వెళ్లి చేయండి. దారి మరీ ఇరుకైతే అన్‌ప్లేయబుల్ (ఆడలేని బంతి) అని ఒక స్ట్రోక్ ఇచ్చి బయటికి తెచ్చుకోవడమే మేలు.

టీ మీద నుంచి స్టింగర్

స్టింగర్ అంటే టీ మీద నుంచి కిందుగా దూసుకెళ్లేలా కొట్టే షాట్, గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్ పేరుతో ముడిపడింది. 2006లో రాయల్ లివర్‌పూల్‌లో జరిగిన ఓపెన్ ఛాంపియన్‌షిప్‌లో నేల ఎండి గట్టిపడి ఉంది, బంతి పడితే చాలా దూరం దొర్లేది. ఆయన నాలుగు రోజుల్లో, 72 హోల్స్‌లో డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్) ఒక్కసారే వాడి, ఎక్కువగా పొడవాటి ఐరన్లతో కిందుగా కొడుతూ బంకర్లకి దూరంగా ఉండి 18 అండర్‌తో, అంటే నిర్ణీత స్ట్రోకుల కంటే 18 తక్కువతో, గెలిచారు.

అంత వేగం మనకు ఉండదు. అయినా సూత్రం అదే, ముప్పావు స్వింగ్ 6 ఐరన్‌తో బాగా వచ్చాక 5, తర్వాత 4. బంతిని చాలా తక్కువ ఎత్తు టీ మీద పెట్టండి, టీ తల పచ్చికతో సమంగా ఉంటే చాలు. లాఫ్ట్ తక్కువున్న క్లబ్‌తో బంతిని వెనక్కి ఎక్కువ జరపక్కర్లేదు, అర బంతి చాలు. బంతిని నేలబారుగా నొక్కాలని చూడకండి, కొంత ఎత్తు ఉంటేనే దూరం వస్తుంది.

బంతి ఎక్కడ ఉందో చూసి కొట్టండి

పొట్టి గడ్డి మీద, పొడిగా ఉన్న చోట ఈ షాట్ బాగా వస్తుంది. గడ్డిలో కొద్దిగా మునిగిన బంతితో జాగ్రత్త. ఫేస్‌కీ బంతికీ మధ్య గడ్డి చిక్కుకుని స్పిన్ పోతుంది, బంతి అనుకున్నదాని కంటే పైకి బయల్దేరి చాలా దూరం పోతుంది. తడి పచ్చిక కూడా అంతే. అలాంటప్పుడు ఒక క్లబ్ తగ్గించండి. ఎగువ వాలు మీద లాఫ్ట్ పెరుగుతుంది కాబట్టి ఇంకా పెద్ద క్లబ్ కావాలి, దిగువ వాలు మీద అదే కిందుగా పోతుంది, మీరు ప్రత్యేకంగా ఏమీ చేయొద్దు, భుజాల్ని వాలుకి సమంగా పెట్టి కొట్టండి.

షాఫ్ట్‌లు మార్చడం, తక్కువ స్పిన్ ఉండే బంతి కొనడం లాంటివి కొంత తేడా తెస్తాయి, నిజమే. కానీ చేతులు బంతి వెనక ఉండిపోయే స్వింగ్‌ని ఏ షాఫ్ట్ కూడా బాగు చేయదు. ముందు మూడు నెలలు సాధన చేయండి, ఆ తర్వాత కూడా బంతి లేస్తుంటే అప్పుడు ఫిట్టింగ్ చేసే (క్లబ్బులు మీకు సరిపోయేలా చూసే) వాళ్ల దగ్గరకి వెళ్లండి.

కోర్స్ మీద మొదటిసారి ప్రయత్నించడానికి ఎదురుగాలి ఉన్న పొట్టి పార్ 4 (నాలుగు స్ట్రోకుల్లో ముగించాల్సిన హోల్) ఎంచుకోండి, గ్రీన్ ముందు అడ్డం ఏమీ ఉండకూడదు. రెండో షాట్‌కి రెండు క్లబ్బులు పెద్దది తీసి, ఫినిష్‌లో చేతులు ఛాతీ దగ్గర ఆపి, బంతి దొర్లడం ఆగేదాకా అలాగే నిలబడి చూడండి.